బొంత మూలన దీవెన

"ఆదివారం సాయంత్రం ఆరూ ఇరవైకి ఎవరికి ఫోన్ చేశావు?"

ఆ ఇంట్లో వంట చూసుకునే డానీ ఒక చేతిలో బంగాళదుంప, ఇంకో చేతిలో చాకు. తొక్క తీయడం ఆపలేదు.

"మా మేనత్తకి."

"ఆవిడ ఎక్కడుంటారు?"

"కార్వర్‌లో."

సోన్యా హాగెన్ పెన్ను ఆగింది. కార్వర్ ఇక్కడికి నూట ఎనభై మైళ్ళు. ఇరవై మూడు రోజుల కిందట కెల్సీ తన అయిదేళ్ళ కూతురు జూనీని చంకనేసుకుని కట్టుబట్టలతో పారిపోయి వచ్చింది ఆ ఊరి నుంచే. ఆమె మొగుడు ట్రెంట్ ఉంటున్నదీ ఆ ఊళ్ళోనే. ఆ ట్రెంట్ ఈ ఉదయం ఏడూ పదికి సరిగ్గా ఈ ఇంటి ఎదురుగా తెల్ల పికప్ ట్రక్కు నిలిపి, ఇంజను ఆపకుండా నాలుగు నిమిషాలు కూర్చున్నాడు. పరదా సందులోంచి చూసిన కెల్సీ చేతిలోంచి పాలగ్లాసు జారి నేలమీద పడింది.

ఈ ఇంటి అడ్రసు ఎక్కడా రాసి ఉండదు. ఫోన్ ఎవరెత్తినా ఒకటే మాట చెబుతారు: "ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ ఉన్నారని చెప్పలేం, లేరని కూడా చెప్పలేం." ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్ళూ పిల్లలూ తలదాచుకునే ఇలాంటి ఇళ్ళు రాష్ట్రంలో పద్దెనిమిది ఉన్నాయి. అన్నిటికీ పైన రాష్ట్ర హింసా నివారణ బోర్డు. ఏటా అనుమతి ఇచ్చేదీ అదే, తప్పు జరిగితే తాళం వేయించేదీ అదే. సోన్యా ఆ బోర్డు పంపిన తనిఖీ అధికారి. అంతకు ముందు తొమ్మిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసింది.

ఇప్పుడు టైము పదకొండూ ఇరవై. ఒంటిగంటకి బోర్డు సభ్యులంతా ఫోన్‌లో కూర్చుంటారు. గుట్టు ఇంట్లోంచే బయటపడిందని సోన్యా చెబితే సాయంత్రానికి ఇల్లు మూత. ఉన్న పదకొండు మందీ రోడ్డు పక్క మోటెల్‌కి పోవాలి. అందులో ఆరుగురు పిల్లలు. ఒకడికి ఇంకా పళ్ళే రాలేదు.

"మేనత్తతో ఏం మాట్లాడావు?"

"మాంసం ఉండల సూప్‌లో పిండి ఎప్పుడు వెయ్యాలని అడిగాను. ముందేస్తే ముద్దకట్టి చస్తోంది."

"దానికి నాలుగు నిమిషాలా?"

"మా అత్త చేత నాలుగు నిమిషాల్లో ఫోన్ పెట్టించారంటే మీకో దండం."

"ఇంతకీ ఎప్పుడు వెయ్యాలంట?"

"ఉండలు పైకి తేలాక."

"తేలాయా?"

"పిల్లలు మూడేసి గిన్నెలు తాగారు. పెద్దవాళ్ళకి అడుగున మిగిలిందే." డానీ చాకు కింద పెట్టింది. "మేడమ్, నేను కూడా చిన్నప్పుడు ఇలాంటి ఇంట్లోనే ఉన్నాను. నా నోట్లోంచి ఈ అడ్రసు ఎలా వస్తుంది?"

పొయ్యి దగ్గర నిలబడ్డ పెగ్ గరిటె పక్కన పెట్టి వచ్చి డానీ తలమీద చెయ్యి వేసింది. ఈ ఇల్లు నడిపేది పెగ్. అరవై రెండేళ్ళు. అందరూ ఆమెకి కూతుళ్ళే.

"చూడు సోన్యా, కెల్సీ వచ్చినరోజే తన ఫోన్ తీసేశాం. కారు మెకానిక్ చేత కిందనించి పైదాకా వెతికించాం. జూనీ బూట్ల అట్టలు కూడా ఊడదీసి చూశాం తల్లీ. ఇంకేం చూడమంటావు?"

వెనక తలుపు తెరుచుకుంది. వేన్ లిండ్ టోపీ తీయకుండానే లోపలికొచ్చాడు. కౌంటీ షెరిఫ్ ఆఫీసులో పోలీసు దర్యాప్తు అధికారి. బోర్డు మనుషులంటే అతనికి ఒళ్ళు మంట.

"దొరికిందా హాగెన్, నీ దొంగ?"

"సూప్ ఎలా చెయ్యాలో దొరికింది."

"కార్వర్‌కి నాలుగు నిమిషాల ఫోన్. నేనైతే ఈ పిల్లని ఈపాటికి కారెక్కించేవాణ్ణి."

"అందుకే నువ్వు కాదు, నేను అడుగుతున్నాను."

వేన్ నవ్వలేదు. "పన్నెండింటికి తల్లినీ పిల్లనీ ఇక్కణ్ణించి తీసుకుపోతున్నా. ఇంకో చోటుంది. అది నాకూ, పెగ్‌కీ, జడ్జీకీ తప్ప ఎవరికీ తెలీదు. నువ్వు కూడా అడగకు."

"ముందు వాడు ఇక్కడికి ఎలా వచ్చాడో తేలాలి వేన్. అది తేలకుండా కదిలించావంటే అదే దారిన నీ వెనకే వస్తాడు."

"నువ్వు మీ కాగితాలు చూసుకో. మనుషుల్ని నేను చూసుకుంటా."

"మనుషుల్ని చూసుకున్నావా? దగ్గరికి రాకూడదని కోర్టిచ్చిన ఉత్తర్వు ట్రెంట్ చేతికి అందించడానికి మీ ఆఫీసుకి ఎనిమిది రోజులు పట్టింది."

వేన్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఆ వారం వరద," అన్నాడు గొణుగుతూ. తర్వాత గొంతు పెంచాడు. "పన్నెండింటికి. అంతే."

మెట్లమీద జూనీ కూర్చుని ఉంది. ఒళ్ళంతా బొంత చుట్టుకుని, ముక్కు మాత్రం బయటికి కనిపిస్తోంది. బొంత నిండా పచ్చటి చతురస్రాలు, మధ్యలో గోధుమరంగు మేక. దానికి మూడే కాళ్ళు.

సోన్యా కింది మెట్టు మీద కూర్చుంది. ఆమెకి రెండేళ్ళ కొడుకున్నాడు. చెవిపోటుతో జ్వరం వచ్చినవాణ్ణి పొద్దున్నే పక్కింటావిడ దగ్గర వదిలి రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది. ఏ పిల్లని చూసినా ముందు నుదురు ముట్టుకోవాలనిపిస్తోంది. ముట్టుకుంది. చల్లగానే ఉంది.

"ఈ మేక పేరేంటి చిట్టితల్లీ?"

"బిస్కెట్. మా ఇంట్లో నిజం బిస్కెట్ ఉన్నాడు. ట్రాక్టరు కింద పడి కాలు పోయింది. అయినా నాన్న కంటే జోరుగా పరిగెడతాడు."

"వాడే నయం."

"ఇక్కడ చూడు." బొంత మూలన గుండె ఆకారంలో చిన్న జేబు, మూతి కుట్టేసి ఉంది. "ఇది దీవెన జేబు. లోపలున్నది చూడకూడదు. చూస్తే దీవెన పోతుందని ఆర్డిస్ బామ్మ చెప్పిందంట. ముట్టుకోవచ్చు."

సోన్యా వేళ్ళతో నొక్కింది. గుండ్రంగా, గట్టిగా, నాణెంలా తగిలింది. ఎవరో ముసలావిడ దాచుకున్న వెండి డాలరై ఉంటుంది. "మంచి దీవెనే," అంది.

పన్నెండూ అయిదుకి వేన్ కారు వెనక సందులోంచి బయలుదేరింది. అంతకు ముందు పిల్లసీటు పట్టీలతో మూడు నిమిషాలు కుస్తీ పట్టాడు.

"ఈ పట్టీలు కనిపెట్టినవాణ్ణి ముందు అరెస్టు చెయ్యాలి," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

సోన్యా వంగి ఒక్క నొక్కుతో పెట్టేసింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. కెల్సీ పెగ్‌ని కావిలించుకుని వదల్లేదు. జూనీ బొంతని వదల్లేదు.

కారు మలుపు తిరిగాక సోన్యా గుమ్మం పక్క గదిలోకి వెళ్ళింది. బయటనుంచి వచ్చే ప్రతి వస్తువూ ముందు ఆగేది ఈ గదిలోనే. బొమ్మల అతుకులు తడిమి చూడాలి, బ్యాటరీలు ఊడదీయాలి, బూట్లు దులపాలి. జాడ చెప్పే బిళ్ళలు ఈ రోజుల్లో గుండీ అంత ఉంటున్నాయి. ఆ నియమం బోర్డుదే. రాసింది సోన్యాయే.

"పెగ్, వీధి కెమెరాలో తెల్ల ట్రక్కు మొదటిసారి ఎప్పుడు కనపడింది?"

"ఇప్పుడే వెనక్కి తిప్పి చూశా. ఆదివారం రాత్రి తొమ్మిదీ పద్నాలుగు. సోమవారం మూడుసార్లు. ఇవాళ పొద్దున ఆగాడు."

"అంటే ఇరవై ఒక్క రోజులు ఏమీ తెలీదు. ఆదివారం చీకటి పడేసరికి అంతా తెలిసింది. ఆదివారం ఈ గుమ్మం దాటి లోపలికి ఏమొచ్చింది?"

పెగ్ పుస్తకం తెరిచింది. ఆ రోజు కింద ఒకటే వరుస ఉంది. సాయంత్రం అయిదూ నలభై. బొంత ఒకటి. తనిఖీ గడిలో 'మినహాయింపు' అని రాసి, మినహాయింపు ఇచ్చినవారి పేరు దగ్గర 'సో.హా.' అని ఉంది.

ఆ రెండక్షరాలూ సోన్యావే.

కిందటేడు తనిఖీకి వచ్చినప్పుడు పెగ్ నియమం ప్రకారం ఒక బొంత అంచు కోసి చూపించింది. దాన్ని తెచ్చింది ఊరి చర్చి ముసలావిడ ఆర్డిస్. అక్కడే కుర్చీలో కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, కోసిన అంచంతా మళ్ళీ కుట్టుకుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ చర్చి ఆడవాళ్ళు ఈ ఇంటికొచ్చిన ప్రతి పిల్లకీ ఒక బొంత కుట్టి పంపుతున్నారు. సోన్యా మనసు కరిగింది. చర్చి బొంతలకి తనిఖీ అక్కర్లేదని రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

చర్చి కింది గదిలో ప్రతి మంగళవారం కుట్టుపని ఉంటుంది. సోన్యా మెట్లు దిగేసరికి పన్నెండూ ముప్ఫై అయిదు. కాఫీ, నిమ్మకాయ కేకు ముక్కల వాసన. పెద్ద చెక్క చట్రం మీద బిగించిన బొంత చుట్టూ ఆడవాళ్ళు. కుర్చీ జరిపి చోటిచ్చింది ఆర్డిస్. డెబ్భై తొమ్మిదేళ్ళు, ఇస్త్రీ చేసిన జాకెట్టు, వేలికి ఇత్తడి తొడుగు.

"ముందు కేకు తిను తల్లీ. మొహం పీక్కుపోయింది. బాబెలా ఉన్నాడు?"

"చెవిపోటు ఆర్డిస్ గారూ. ఆ మూడుకాళ్ళ మేక బొంత గురించి అడగాలి."

"ఫస్టు ప్రైజు వచ్చింది దానికి! కౌంటీ ఫెయిర్ పోటీల్లో నీలం రిబ్బను!" ముసలావిడ మొహం వెలిగింది. "పేర్లు మాకు చెప్పరు కదా. వయసు, రంగు, ఇష్టమైన జంతువు, అంతే. మూడు కాళ్ళ మేక అని పెగ్ చీటీ పంపితే పొరపాటున రాసిందేమో అనుకున్నాం. కాదంది. ఆ కుంటికాలు దగ్గర కుట్టు రావడానికి నాలుగుసార్లు విప్పాను."

"పేపర్లో ఫొటో పడిందా?"

"శుక్రవారం. తలదాచుకోవడానికి వచ్చిన ఓ పాప కోసం కుట్టామని కూడా రాశారు. రాష్ట్రమంతా చూశారు."

"తర్వాత ఎవరైనా దాని గురించి అడిగారా?"

"శనివారం ఫెయిర్‌కి ఒకబ్బాయి వచ్చాడు. పొద్దున పదకొండింటికి. మేక ముందు నిలబడి ఏడ్చాడమ్మా, వెక్కివెక్కి. మా ఆయన పోయినప్పుడు మా వాడు కూడా అంత ఏడవలేదు. బిడ్డ పోయి ఉంటుందనుకున్నా. అడగలేదు. ఏడ్చేవాళ్ళని ఏమైందని అడుగుతామా?" ఆర్డిస్ కాఫీ కప్పు సోన్యా వైపు జరిపింది. "దీవెన జేబు ఇంకా ఖాళీగా ఉంది. అందులో ఎవరైనా ఏదైనా పెట్టొచ్చు కదా. ప్రార్థన రాసిన చీటీ, పతకం, ఏదో ఒకటి. 'ఈ పాపకి నా దీవెన కూడా పెట్టండమ్మా' అన్నాడు. కాగితంలో చుట్టిచ్చాడు. ఒకరి దీవెన ఇంకొకరు విప్పి చూడం. ఆదివారం ఫెయిర్ అయిపోయాక పెగ్‌కి అందించాం."

"జేబు మూతి కుట్టిందెవరు?"

"నేనే. ఏడు కుట్లు. అతని కళ్ళముందే."

సోన్యా సంచిలోంచి ట్రెంట్ ఫొటో తీసి బొంత మీద పెట్టింది.

ఆర్డిస్ చాలాసేపు చూసింది. వేలి తొడుగు ఊడి చట్రం మీద పడి, దొర్లి, నేలమీద మోగింది. గదిలో సూదులన్నీ ఆగిపోయాయి.

"నా చేత్తో కుట్టాను," అంది ఆమె. "తల్లీ, నా చేత్తోనే కుట్టాను."

"మీది తప్పు కాదు. దాన్ని విప్పి చూడొద్దని రాసింది నేను." సోన్యా అప్పటికే నంబరు నొక్కుతోంది. పన్నెండూ యాభై రెండు.

మూడో మోతకి వేన్ ఎత్తాడు. "ఏంటి హాగెన్?"

"ఎక్కడున్నావు?"

"చెప్పనన్నాను కదా."

"బొంత మూల జేబులో జాడ చెప్పే బిళ్ళ ఉంది. నువ్వెటు పోతున్నావో వాడు ఫోన్‌లో చూస్తున్నాడు."

"నా వెనక ఎవరూ లేరు. మట్టిరోడ్లన్నీ తిరిగి, మూడుసార్లు ఆగి చూశాను."

"వాడు నీ వెనక ఉండక్కర్లేదు వేన్."

అవతల కారు తలుపు తెరిచిన చప్పుడు. తర్వాత వేన్ గొంతులో ఇందాకటి బిర్రు లేదు. "రైలుగేటు దగ్గర పెట్రోలు బంకులో ఉన్నాం. పట్నానికి ఇరవై మైళ్ళు. పిల్ల పాస్‌కి అంటే ఆపాను. బొంత సీట్లోనే ఉంది. చాకు తీస్తున్నా."

ఆర్డిస్ చెయ్యి చాచింది. సోన్యా ఫోన్ ఇచ్చేసింది.

"బాబూ, చాకుతో బట్ట కొయ్యకు. పిల్ల ఏడుస్తుంది. మధ్య కుట్టు చూడు, నాలుగోది. దాని కింద మొన పెట్టి దారం ఒక్కటే తెంపు. మిగతావి లాగితే వచ్చేస్తాయి."

"వచ్చింది... బిళ్ళే. తెల్లగా ఉంది." అతని గొంతు ఒక్కసారిగా తగ్గింది. "హాగెన్‌కి ఇవ్వండమ్మా. తెల్ల పికప్. రోడ్డు అవతల, ధాన్యం గోదాము దగ్గర ఆగాడు. సీటు వెనక తుపాకీ కొయ్య కనిపిస్తోంది."

"అరెస్టు చెయ్యి. ఉత్తర్వుంది," అంది సోన్యా.

"నేనొక్కణ్ణి. మధ్యలో పసిపిల్ల. ఇక్కడ కాల్పులు జరగనివ్వను. బిళ్ళ నా చొక్కా జేబులో పెట్టుకుని ఉత్తరంగా పోతా. వాడు నా వెంటపడతాడు. ముందు ఊళ్ళో మావాళ్ళు రోడ్డు మూస్తారు. తల్లీ పిల్లా వెనక గదిలో ఉంటారు, బంకావిడ మంచిది. నంబరు పంపుతున్నా. నువ్వొచ్చి తీసుకుపో. పిల్లసీటు కూడా వాడి కంటపడకుండా దింపేశాను, నీకు కావాలిగా." ఆగాడు. "పట్టీ ఒక్క నొక్కుతోనే వచ్చింది."

సోన్యా మెట్లెక్కుతుంటే వెనక అడుగులు వినిపించాయి. ఆర్డిస్ కోటు తొడుక్కుని, సూదుల డబ్బా చంకలో పెట్టుకుని వస్తోంది.

"మీరెక్కడికండీ?"

"జేబు మూతి తెరిచే ఉంది. అలా వదిలేస్తారా ఎవరైనా?"

సరిగ్గా ఒంటిగంటకి, కారు పట్నం దాటుతుండగా, బోర్డు సమావేశం స్పీకరులో మొదలైంది. అధ్యక్షురాలి గొంతు ఎప్పటిలాగే పొడిగా ఉంది. "మిస్ హాగెన్, గుట్టు ఇంట్లోంచే బయటపడిందా? అవునో కాదో చెప్పండి చాలు."

"కాదు. నా సంతకంలోంచి బయటపడింది."

జరిగినదంతా మూడు నిమిషాల్లో చెప్పింది. తన పక్కనున్న ముసలావిడ పేరు చెప్పలేదు.

"ఇలా చెబితే మీకేమవుతుందో తెలుసా?"

"ఉద్యోగం పోతుందని తెలుసండీ. ఇల్లు మాత్రం మూయకండి. అక్కడ తప్పు చేసినవాళ్ళు లేరు. పొయ్యి మీద సూప్ ఉంది, అయిదుగురు పిల్లలు అన్నానికి కూర్చుని ఉంటారు."

ఎవరో గొంతు సవరించుకున్నారు. "ఇల్లు మూయడం లేదు," అంది అధ్యక్షురాలు చివరికి. "మీ సంగతి రేపు మాట్లాడదాం. ముందు ఆ పిల్లని చూడండి."

ఆర్డిస్ కిటికీలోంచి బయటికి చూస్తూ సోన్యా మోచేతి మీద ఒకసారి తట్టింది.

ఒంటిగంటా పన్నెండు. వేన్ ఫోన్.

"హాగెన్, నన్ను దాటి వెళ్ళాడు." గాలి హోరులో అరుస్తున్నాడు. "పక్కకొచ్చి వెనక సీట్లోకి చూశాడు. అక్కడ పిల్లసీటు లేదు. అది చూడగానే బండి తిప్పేశాడు. నేనూ తిప్పాను కానీ వాడి ఇంజను ముందు నా కారు చాలదు. ఎనిమిది నిమిషాల్లో బంకులో ఉంటాడు. నువ్వెంత దూరం?"

"తొమ్మిది మైళ్ళు."

"సీటు నేనే దింపాను హాగెన్. నీకు పనికొస్తుందని..."

"తెలుసు. మాట్లాడకుండా తోలు." సోన్యా కాలు కిందికి నొక్కింది. ఆర్డిస్ ఎదురుగా ఉన్న డాష్‌బోర్డుని రెండు చేతులతో పట్టుకుంది కానీ మెల్లగా పొమ్మనలేదు.

రెండు మైళ్ళు పోయాక, షెరిఫ్ మనుషులంతా ఇంకా ఉత్తరం వైపే ఉన్నారని వేన్ ఫోన్‌లో సందేశం పంపాడు. సోన్యా ఒక చేత్తో బంకు నంబరు నొక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు మోతలు.

ఎవరో ఎత్తారు. ముందు ఊపిరి వినిపించింది. తర్వాత సన్నటి గొంతు, ఒక్కో మాటా జాగ్రత్తగా, ఆ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినట్టే:

"ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ ఉన్నారని చెప్పలేం. లేరని కూడా చెప్పలేం."

సోన్యా కళ్ళలో నీళ్ళు తిరిగి రోడ్డు మసకబారింది. తల విదిల్చింది.

"సెబాష్ చిట్టితల్లీ. నేను సోన్యాని. బిస్కెట్ నుదురు చూశానే, ఆ సోన్యాని."

"నువ్వు చూసింది నా నుదురు."

"అవును, నీదే. అమ్మ ఏం చేస్తోంది?"

"తలుపుకి కూల్‌డ్రింకు పెట్టెలు అడ్డం పెడుతోంది. బోలెడు పెట్టింది. బంకామ్మ బయట ఉంది." గొంతు తగ్గింది. "మా జేబు చిరిగిపోయింది."

"చిరగలేదు బంగారం," అంది ఆర్డిస్ ఫోన్ వైపు వంగి. "దారం ఒక్కటే తెగింది. సూది తీసుకుని వస్తున్నా. ఇదిగో, వచ్చేశా."

"నువ్వు ఆర్డిస్ బామ్మవా?"

ఎదురుగా, ఎండలో, రైలుగేటు ఎర్రదీపం కనిపిస్తోంది. ఇంకా మూడు మైళ్ళు. అవతలి కొస నుంచి తెల్లటి దుమ్ము లేస్తూ వచ్చి బంకు ముందు ఆగింది.

"ఫోన్ పెట్టకు జూనీ. అమ్మ వెనక్కి వెళ్ళి కూర్చో. ఎవరడిగినా ఇందాకటి మాటే చెప్పు."

"సరే," అంది జూనీ.

ఆ మాట వెనకే, ఫోన్‌లో, గోడ అవతల, బంకు దుకాణం తలుపుకి కట్టిన గంట గణగణమంది.